పిల్లలతో చేపలు పట్టడానికి వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

• లైఫ్ జాకెట్ ఇంట్లోనే తొడిగి చూడండి. అది పిల్లల బరువుకు సరిపోయేదే కావాలి. "వచ్చే ఏడాదికీ పనికొస్తుంది" అని పెద్దది కొంటే నీళ్లలో జాకెట్ పైకి, బిడ్డ కిందికి జారిపోతారు. బెల్టులన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవులదాకా వచ్చిందంటే సరిపోనట్టే. ఈత వచ్చినా, గట్టు మీదే కూర్చున్నా తీయకూడదు.

• మునిగిపోయే పిల్లలు చాలాసార్లు కేకలు వేయలేరు, చప్పుడు లేకుండా మునిగిపోతారు. అందుకే పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే మనిషి గాలం పట్టుకోకూడదు. ఫోనూ వద్దు.

• కొక్కెం కొస దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును కటింగ్ ప్లయర్‌తో నొక్కేయండి. వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది. చేపలు కొన్ని తప్పించుకుంటాయి, పోనివ్వండి. కంటి దగ్గర గుచ్చుకుంటే మాత్రం లాగకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

• గాలం విసిరే ముందు వెనక ఎవరున్నారో, పైన కరెంటు తీగలున్నాయేమో చూసుకోవడం నేర్పండి.

• టోపీ, కళ్లద్దాలు, తాగే నీళ్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, పొడి బట్టలు.

• ఉరుము వినబడితే అన్నీ వదిలేసి లోపలికి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

• పెద్ద చేప ఆశ వదులుకోండి. చిన్న చేపలు తిరిగే చోటు, బెండు కట్టిన పొట్టి గాలం చాలు. బెండు బుడుంగున మునిగితే వాళ్లకు పండగే. కాసేపటికి రాళ్లు ఏరుకుంటామంటే ఏరుకోనివ్వండి. "ఇంటికెళ్దాం" అన్నాక "ఇంకో పది నిమిషాలు" అని మీరు బతిమాలకండి!