ఆట బల్ల మీద ఆధారాలు – పాఠం 3: ఉత్తరం రాయడం

గత పాఠంలో మ్యాప్ గీశాం. ఈసారి ఉత్తరం. ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి ఊహాలోకంలో కథ నడిపే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో, నాకు అన్నిటికన్నా ఇష్టమైన హ్యాండవుట్ (ఆటగాళ్ల చేతికిచ్చే కాగితం) ఇదే.

ముందు కాగితం, ఇంకు సంగతి పక్కన పెట్టండి. ఈ ఉత్తరం ఎవరు ఎవరికి రాశారు? ఎందుకు రాశారు? ఇది తేలకుండా కలం పట్టుకుంటే ఇలాంటిది వస్తుంది:

"గంటల గోపురం కింద రహస్య గది ఉంది. తాళంచెవి పూజారి దగ్గరుంది."

ఇది గేమ్ మాస్టర్, అంటే కథ చెబుతూ ఆట నడిపే మనిషి, ఆటగాళ్లకు రాసిన చీటీ. ఆ లోకంలో ఎవరూ ఎవరికీ ఇలా రాయరు. ఇప్పుడు అదే విషయాన్ని గోపురం కాపలావాడు తన చెల్లెలికి రాస్తున్నాడనుకుందాం:

"చెల్లీ, ఈ నెల కూడా ఇంటికి రాలేను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. గోపురంలో ఉన్నవి నాలుగు దీపాలే కదా, పది దీపాలకు సరిపడా నూనె మోయిస్తున్నారు. ఎందుకని అడిగితే పూజారిగారు బదులు చెప్పలేదు, మెడలో గొలుసు చొక్కా లోపలికి తోసుకున్నారు. అమ్మ దగ్గు తగ్గిందా?"

ఇందులో గది అన్న మాటే లేదు. అయినా బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు "మిగతా ఆరు దీపాలు ఎక్కడ వెలుగుతున్నాయి?" అంటారు. ఆ ప్రశ్న వాళ్ల నోటి నుంచి రావాలి. మనం చెప్పేస్తే అది సమాచారం, వాళ్లకు తట్టితే అది ఆట. అమ్మ దగ్గు కథకు పనికిరాదని కొట్టేయకండి. ఉత్తరం రాసింది ఒక మనిషి అనిపించేది ఆ ఒక్క వాక్యం వల్లే.

1978లో అచ్చయిన ఒక డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఇదీ ఇలాంటి ఆటే) సాహసకథ పుస్తకంతో పాటు, ఆటగాళ్లకు చూపించడానికే ఒక బొమ్మల పుస్తకం ఇచ్చారు. గదిని మాటల్లో వర్ణిస్తే ఏది ముఖ్యమో మన గొంతే పట్టించేస్తుంది. బొమ్మైనా ఉత్తరమైనా చేతికిస్తే, ఏది ముఖ్యమో వాళ్లే వెతుక్కుంటారు.

చిరిగిన ఉత్తరం విషయంలో జాగ్రత్త. ఒకసారి నేను అసలు క్లూ ఉన్న మూలనే చింపేశాను. రెండు గంటలు ఆట కదల్లేదు, అందరికీ టెన్షన్. తప్పు పూర్తిగా నాదే. అందుకే గేమ్ మాస్టర్లు పాటించే మూడు క్లూల పద్ధతి నేర్చుకోండి: ఆటగాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన ఒక్కో విషయానికి కనీసం మూడు ఆధారాలు పెట్టాలి. మన కథలో ఉత్తరం ఒకటి, నూనె వ్యాపారి లెక్కల చీటీ రెండోది, గోపురం నేల పలకల సందుల్లో పట్టిన మసి మూడోది. ఒకటి చేజారినా ఇంకొకటి దొరుకుతుంది.

ఇక కాగితం. పాలు లేని చిక్కటి టీ డికాక్షన్ చాలు, అందులోని టానిన్లు కాగితాన్ని గోధుమరంగుకు తిప్పుతాయి. ముందు నలిపి తర్వాత ముంచితే మడతల్లో రంగు ఎక్కువ పట్టి పాతదనం వస్తుంది. పూర్తిగా ఆరాకే రాయండి. ఇంక్‌జెట్ ప్రింట్‌ను ముంచితే అక్షరాలు కారిపోయే ప్రమాదం ఉంది, లేజర్ ప్రింట్ తట్టుకుంటుంది. అంచులు కొవ్వొత్తితో కాల్చొద్దు. తడి వేలితో గీత గీసి, ఆ గీత వెంట చేత్తో చింపితే సరిపోతుంది.

అలంకారపు ఫాంట్లు వద్దు. తెలుగులో వాటి ఒత్తులు కలిసిపోతాయి, చదవడానికే తంటాలు పడాలి. ఎనిమిది పది వాక్యాలు దాటకండి. ఒకరు బిగ్గరగా చదువుతుంటే మిగతావాళ్లు వినాలి కదా.

అభ్యాసం: నూనె వ్యాపారి లెక్కల చీటీ మీరు రాయండి. అయిదు పద్దులు చాలు. గోపురం, పూజారి అన్న మాటలు రాకూడదు. పై ఉత్తరంతో పాటు దాన్ని ఈ ఆట తెలియని స్నేహితుడికి ఇచ్చి, ఏమనిపించిందో అడగండి. అతను నూనె గురించి అడిగితే చీటీ పనిచేస్తున్నట్టే. అడగకపోతే అంకెలు మార్చి మళ్లీ రాయండి. వచ్చే పాఠంలో రహస్య లిపి మొదలుపెడదాం, ఈ చీటీ అప్పుడు దగ్గర ఉంచుకోండి.