అమెరికాలో పిల్లలు, ఊళ్లో అమ్మానాన్నలు: వీడియో కాల్‌లో మాటలు నిలవాలంటే

ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు రోజూ పడుతూనే ఉంటాయి. తీరా కాల్ చేస్తే “ఆ, గ్రూపులో చూశాంలే” అంటారు, రెండు నిమిషాల్లో మాటలైపోతాయి. అందుకని వారానికి రెండు కబుర్లైనా గ్రూపులో పెట్టకుండా కాల్ కోసం అట్టేపెట్టండి.

టైము ఒకటే ఖాయం చేసుకోండి. డాలస్‌లో శనివారం రాత్రి 8:30 అంటే మనకు ఆదివారం పొద్దున 7:00. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు. అప్పటినుంచి మార్చి రెండో ఆదివారం దాకా అదే 8:30కి ఇక్కడ 8:00. ఈ ముక్క ముందే చెప్పకపోతే పెద్దవాళ్లు కాఫీ చల్లార్చుకుని గంటసేపు ఫోన్ ముందు కూర్చుంటారు.

పొద్దున కాల్ చేయడమే మేలు. రోజువారీ డేటా ప్యాక్ చాలావరకు అర్ధరాత్రి 12కి కొత్తగా మొదలవుతుంది. సాయంత్రానికి రీల్స్ దాన్ని మింగేస్తాయి, స్పీడు పడిపోతుంది, బొమ్మ ఆగిపోతుంది. అయినా తెగుతుంటే వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా తెరిచి, కాల్స్‌కు తక్కువ డేటా వాడే ఆప్షన్ ఆన్ చేయండి. అదీ చాలకపోతే కెమెరా ఆపేయండి, మాటైనా వినిపిస్తుంది.

ఫోన్ చేత్తో పట్టుకుంటే అవతలివాళ్లకు కనిపించేది సగం నుదురు, సీలింగ్ ఫ్యాను. పప్పు డబ్బాకి ఆనించి, కళ్ల ఎత్తున, రెండడుగుల దూరంలో నిలబెట్టించండి. కిటికీ మొహానికి ఎదురుగా ఉండాలి. వీపు వెనక ఉంటే మొహం నల్లగా పడుతుంది. స్పీకర్ ఆన్‌లో ఉందో లేదో చూడమనండి, లేకపోతే అలవాటుకొద్దీ ఫోన్ చెవికి పెట్టుకుంటారు.

మనవల్ని “తాతయ్యకి హాయ్ చెప్పు” అని నిలబెడితే హాయ్‌తోనే పారిపోతారు. నానమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, పిల్లాడు బొమ్మ గీస్తూ ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. పది నిమిషాలయ్యాక వదిలేయండి.

“బాగున్నారా?” అంటే “ఆ, బాగున్నాం” తప్ప మరో జవాబు రాదు. “నిన్న పప్పులో ఏం వేశావమ్మా?”, “బీపీ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు నాన్నా?” అనండి.

ఒకటి మాత్రం చాలామంది పట్టించుకోరు. స్పీకర్ పెట్టాక ఇంట్లో అందరూ వింటారు, ఒక్కోసారి పక్కింటి పిన్నిగారు కూడా. మోకాలి నొప్పి, అప్పు గొడవ, కోడలి మీద కినుక అక్కడ బయటికి రావు. పదిహేను రోజులకోసారి అమ్మకు విడిగా, నాన్నకు విడిగా మామూలు ఆడియో కాల్ చేయండి, స్పీకర్ లేకుండా. వాళ్లు ఆగినప్పుడు మీరూ ఆగండి. అసలు సంగతి తరచు “సరే, ఉంటా మరి” అన్నాకే వస్తుంది.