ఆడకుక్క గర్భసంచిలో చీము పట్టిందా? క్యాలెండరు, నీళ్ల గిన్నె, పాత పంచె

చీపురుపల్లి చుట్టుపక్కల పల్లెల్లో గోపాలమిత్రగా, అంటే పశువులకి ఎద సూదులు వేస్తూ చిన్నచిన్న వైద్యం చేసేవాడిగా, 19 ఏళ్లుగా తిరుగుతున్నాను. నా పనంతా ఆవులు, గేదెలతోనే. ఆవు గర్భసంచిలో తేడా ఉంటే చేతికి తొడుగేసుకుని పేడదారిలో చెయ్యిపెట్టి తడిమితే తెలుస్తుంది. కుక్కకి ఆ వీలు లేదు. అయినా ఆవు లెక్కే కుక్కకీ వేసి నా మొదటి కుక్కని పోగొట్టుకున్నాను. కింద ఏమీ కారడం లేదు కాబట్టి గర్భసంచి రోగం కాదనుకుని మూడు రోజులు అజీర్ణానికి మందు పోశాను. నాలుగో రోజు అది లేవలేదు. ముఖద్వారం మూసుకుపోయి చీము బయటికి రాని రకమే ఎక్కువ ప్రమాదమని తర్వాత తెలిసింది.

ఈ జబ్బుని డాక్టర్లు పైయోమెట్రా అంటారు. ఎద అయిపోయాక, కడుపు కట్టినా కట్టకపోయినా, దాదాపు రెండు నెలలు కుక్క ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఎక్కువగా ఉంటుంది. గర్భసంచి లోపలి పొర మందమై ద్రవం ఊరుతుంది, బయటికి నెట్టే బలం తగ్గుతుంది. ఎద సమయంలో లోపలికి ఎక్కిన సూక్ష్మజీవులకి, ముఖ్యంగా ఈ.కోలైకి, అది మంచి చోటు. కాబట్టి మొదట చూడాల్సింది కుక్కని కాదు, క్యాలెండరుని. ఎద వెళ్లిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో, వయసు మళ్లుతున్న కుక్క, అందులోనూ ఈననిది, నలతగా ఉంటే ముందు దీన్నే అనుమానించండి. వయసులో ఉన్నదానికీ, ఈనినదానికీ రాదని కాదు.

ఇప్పుడున్న కుక్క పేరు చిట్టి. నాటుది, ఏడేళ్లది, 16 కిలోలు. కనుమ నాటికి దాని ఎద అయిపోయిందని గోడ క్యాలెండరులో 'చి' అని రాసుకున్నాను. శివరాత్రి నాటికి ఆరు వారాలు. అప్పుడే నీళ్ల గిన్నె మాటిమాటికీ ఖాళీ అవుతోందని మా ఆవిడ కనిపెట్టింది. పక్కింటి అప్పేమో "ఎండలు మొదలైపోనాయి, తాగదేటి?" అంది.

అనుమానంతో కూర్చోకుండా కొలవండి. నేను చిట్టిని వరండాలో కట్టి, బకెట్లూ తొట్లూ అందకుండా చేసి, లీటరు సీసాతో కొలిచి గిన్నెలో మూడు లీటర్లు పోశాను. దానికి చోడి అంబలంటే ప్రాణం, కానీ అంబలిలోనూ నీళ్లే కదా, ఆ రోజుకి పొడి అన్నమే పెట్టాను. మర్నాడు అదే వేళకి గిన్నెలో మిగిలింది 700 మిల్లీలీటర్లు. కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటితే అతిగా తాగుతున్నట్టు లెక్క. చిట్టికి ఆ హద్దు లీటరున్నర పైచిలుకు, తాగింది రెండు లీటర్ల 300. కిడ్నీ జబ్బుకీ షుగరుకీ కూడా ఇలాగే తాగుతాయి, అవి తేల్చేది రక్తపరీక్ష.

ఇక పంచె సంగతి. కుక్క శుభ్రమైన ప్రాణి, కారినది కారినట్టే నాకేసుకుంటుంది, మనకి కనిపించదు. రాత్రి పడుకునే గోనె మీద ఉతికిన తెల్ల పంచె పరవండి. చిట్టికి అలా పరిచి తెల్లారి చూస్తే రూపాయి బిళ్లంత మరక, చింతపండు పులుసు రంగు, అంచున పసుపు, ముక్కు మూసుకునేంత వాసన. డెట్టాల్ నీళ్లతో కడిగేయకండి, డాక్టరుకి అది కనబడాలి.

కారిందల్లా చీము కాదు. ఎదలో రక్తం వచ్చి, కొన్నాళ్లకి లేత రంగుకి తిరుగుతుంది, కుక్క హుషారుగానే ఉంటుంది. ఈనాక ముదురు ఆకుపచ్చగా, ఎర్రగా కొన్ని వారాలు కారడం మామూలే. ఈనిన వారంలోపు దుర్వాసన, జ్వరం, పిల్లల్ని పట్టించుకోకపోవడం ఉంటే అది వేరే గర్భసంచి వాపు, దానికీ ఆలస్యం పనికిరాదు. ఎదతో సంబంధం లేకుండా నెలల తరబడి రక్తం చుక్కలు పడుతూ, లోపల కాలీఫ్లవర్ లాంటి గడ్డ కనిపిస్తే అది దాటినప్పుడు అంటుకునే కణితి. వీధి కుక్కల్లో ఇది బాగా చూస్తాం.

థర్మామీటరుకి కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూడండి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. జ్వరం లేకపోయినా ధీమా వద్దు. 100 కంటే దిగి, చెవులు చల్లబడి, చిగుళ్లు పాలిపోతే ఇంకా భయపడాలి. పొట్ట ఉబ్బిందేమోనని నొక్కి చూడకండి, గర్భసంచి చిట్లిపోవచ్చు. ఆటో ఎక్కించేటప్పుడు కూడా దుప్పటి మీద పడుకోబెట్టి నాలుగు కొసలూ పట్టి ఎత్తండి. జ్వరానికని మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వేయకండి, కుక్కకి అవి విషమవుతాయి.

చిట్టిని గరివిడి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాను. స్కాన్ తెర మీద సొరకాయల్లా ఉబ్బిన నల్లటి గొట్టాలు, వాటిలో బూడిద రంగు నలకలు తేలుతున్నాయి. చూలైతే దాదాపు 25 రోజులు దాటాక పిల్లల గుండె కొట్టుకోవడం కనిపిస్తుందట. ఎక్స్‌రేలో పిల్లల ఎముకలు కనబడాలంటే దాదాపు 45 రోజులు ఆగాలి, అందుకే స్కానే మేలు. చీము బయటికి పోయే రకంలో గర్భసంచి పెద్దగా ఉబ్బకపోవచ్చు. స్కాన్ బాగుందన్నా మరక సంగతి మళ్లీ గుర్తుచేయండి. రక్తంలో తెల్లకణాలు సాధారణంగా బాగా పెరుగుతాయి, కానీ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, షుగరు కూడా అదే రక్తంతో చూడమని అడగండి.

ఎక్కువగా చేసేది గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషనే. చిట్టికీ అదే చేశారు. మందులతో శుభ్రం చేసే పద్ధతి ఉంది, కానీ తర్వాతి ఎదలకి తిరగబెట్టొచ్చు. చీటీ మీద ఇవి రాసుకుని వెళ్లండి: ఎద తేదీ, దాటిందా లేదా, ఒక రోజులో తాగిన నీళ్లు, ఎన్నిసార్లు కక్కింది, చివరిసారి ఎప్పుడు తింది. ఎద రాకుండా గానీ, కడుపు నిలవకుండా గానీ ఎప్పుడైనా ఇంజెక్షన్ వేయించి ఉంటే అదీ దాచకుండా రాయండి, ఆ హార్మోన్లే ఈ జబ్బుకి దారి తీస్తాయి. పంచె కవర్లో పెట్టుకోండి.