మొదటి చెస్ టోర్నమెంట్‌కి వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

ఫోన్‌తో హాల్లోకి వెళ్లకండి. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమాల ప్రకారం, అనుమతి లేని ఫోన్ మీ దగ్గర దొరికితే చాలు, ఎంత గెలిచే పొజిషన్‌లో ఉన్నా గేమ్ పోయినట్టే. స్మార్ట్‌వాచ్ కూడా అంతే. ఆఫ్ చేసి బ్యాగులో ఉంచుకోవచ్చేమో ఆర్బిటర్‌ని (పోటీలో రిఫరీని) ముందే అడగండి.

ముట్టుకున్న పావునే కదపాలి. అందుకే ఎత్తు తేలేదాకా చెయ్యి బోర్డు మీదికి పోనివ్వకండి. క్యాస్లింగ్‌లో (కింగ్, రూక్ రెండూ ఒకే ఎత్తులో కదిలేది) ముందు కింగ్‌నే పట్టుకోండి. రూక్‌ని ముందు తాకితే ఆ వైపు క్యాస్లింగ్ కుదరదు.

బంటు చివరి గడికి చేరితే అసలు క్వీన్‌నే పెట్టండి. ఇంట్లో ఆడినట్టు రూక్‌ని తలకిందులుగా పెడితే అది రూక్‌గానే లెక్క. క్వీన్ దొరక్కపోతే క్లాక్ ఆపి ఆర్బిటర్‌ని పిలవండి. మొహమాటపడొద్దు, అది మీ హక్కు.

ఎత్తు వేసిన చేత్తోనే క్లాక్ నొక్కాలి.

క్లాసికల్ గేమ్‌లో (ఎక్కువ టైమ్ ఇచ్చే గేమ్) ఎత్తులు స్కోర్‌షీట్ అనే కాగితం మీద రాయడం తప్పనిసరి. రాస్తూ ఆడడం ముందే అలవాటు చేసుకోండి. అక్కడే మొదలుపెడితే ధ్యాసంతా కాగితం మీదికే పోతుంది.

డ్రా అడగాలంటే ముందు ఎత్తు వేయండి, తర్వాత అడగండి, ఆపైనే క్లాక్.

స్కోర్‌షీట్ మీద ఫలితం చదివాకే సంతకం పెట్టండి. తప్పుగా నమోదైతే తర్వాతి రౌండ్ జోడీ కూడా మారిపోతుంది.