కణుపుకు దారం కట్టండి: అడవి వేరుశనగలో పూవు నుంచి కాయ దాకా

కదిరి దగ్గర మా ఊళ్లో శెనక్కాయ వేయని ఇల్లు లేదు. కానీ ఆ కాయ ఎక్కడ మొదలవుతుందో వంగి చూసినవాళ్లు తక్కువ. పద్దెనిమిదేళ్లు ఒక పరిశోధన పొలంలో సంకరం పని, అంటే ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్క పూవుకు అద్దే పని చేశాను కాబట్టి చెప్తున్నా, దాన్ని చూడాలంటే అడవి మొక్కలోనే చూడాలి.

నేను పెంచింది అరాకిస్ డ్యూరనెన్సిస్. అర్జెంటీనా, బొలీవియా వైపు మొక్క. బొలీవియాలోనే ఉండే అరాకిస్ ఇపయెన్సిస్‌తో ఇది కలిస్తేనే మన శెనక్కాయ పుట్టింది. ఒక్కోదానిలో 20 క్రోమోజోములు, మన పంటలో 40.

వెడల్పాటి తొట్టిలో ఇసుక కలిపిన ఎర్రమట్టి పోసి విత్తండి. చిన్న కుండీ వద్దు, కొమ్మలు నేలమీద పాకుతాయి.

పూత మొదలయ్యాక తెల్లారేసరికి తొట్టి దగ్గరుండాలి. పసుపు పూవు కింద సన్నగా, పొడుగ్గా కనిపించేది కాడ కాదు, గొట్టం. అండాశయం దాని అడుగున, ఆకు మొదట్లో దాగి ఉంటుంది. ఏ పూవు ఏ కాయ అయిందో గుర్తుకు మొదటి ఏడాది నేను దారం ఆ గొట్టానికే కట్టాను. మధ్యాహ్నానికి పూవు వాడింది, తర్వాత దారంతో సహా రాలిపోయింది. అప్పటినుంచి కణుపుకే కడుతున్నా, రోజుకో రంగు.

సంకరం చేయాలంటే ముందురోజు సాయంత్రమే మొగ్గ విప్పి, పుప్పొడి తిత్తులన్నీ పటకారుతో తీసేయాలి. ఆలస్యమైతే మొగ్గలోనే తన పుప్పొడి తనకే అంటుకుంటుంది. మరునాడు పొద్దున్నే మగ మొక్క పుప్పొడి కీలాగ్రానికి, అంటే పూవులో పుప్పొడి అందుకునే కొనకు, అద్దాలి. ఆ మొక్కకు పూసే మిగతా పూలన్నీ రోజూ గిల్లేయాలి. ఒక్కటి వదిలినా ఏ ఊడ, అంటే పూవు రాలాక కాయ కట్టడానికి మట్టిలోకి దిగే కాడ, ఏ పూవుదో తెలియదు.

వారం తిరిగేసరికి కణుపులోంచి ఊడ దిగుతుంది. సూదిలా మొన తేలి, ఎండ తగిలిన వైపు ఊదారంగు తిరుగుతుంది. గింజ కాబోయేవన్నీ ఆ మొన వెనకే ఉంటాయి, అందుకని మొనను ముట్టుకోవద్దు. పిండం కూడా చీకటి దొరికేదాకా ఎదగకుండా ఆగి ఉంటుంది. నమ్మకం లేకపోతే ఒక ఊడను మట్టికి అందకుండా పైకి కట్టి చూడండి, కాయ ఊరదు, ఎండిపోతుంది. కాయకు కావలసిన సున్నం (కాల్షియం) వేరు ఇవ్వదు, మట్టిలోంచి కాయే తీసుకుంటుంది. మన చేలల్లో ఊడలు దిగే వేళకు జిప్సం వేసేది అందుకే.

అడవి మొక్కతో అసలు కష్టం తవ్వేటప్పుడు. మన కాయలో రెండు గింజలు ఒకే డొల్లలో పక్కపక్కనే ఉంటాయి. దీనికి ఒక్కో గింజకు ఒక్కో బుడిపె, రెంటి మధ్య దారంలాంటి పొడవాటి తీగ. మొక్క లాగితే ఆ తీగ పుటుక్కున తెగి, కాయ మట్టిలోనే ఉండిపోతుంది. అందుకే గుర్తుపెట్టిన ప్రతి ఊడ కిందా సగానికి కోసిన నీళ్ల బాటిల్ నిండా తడి ఇసుక పోసి పెడతాను. అడుగున చిల్లులు, బయట దారం రంగు, తేదీ. రెండు నెలలకు పైగా ఆగి, బాటిల్‌ను జల్లెడలో బోర్లిస్తే తీగ తెగినా ఆ రెండు బుడిపెలూ ఆ పూవువే అని తెలుస్తుంది.