బీచ్ బంకరును పార్కు చేసే ముందు పెయింటు డబ్బా దాచిపెట్టండి

మున్సిపల్ పనుల్లో సివిల్ ఇంజనీరుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత కొందరం కలిసి విశాఖ తీరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక బంకరు చుట్టూ మూడేళ్లు తిరిగాం. అదెక్కడుందో చెప్పను. చెబితే రేపటికల్లా గోడ మీద రెండు పేర్లు, మధ్యన బాణం గుచ్చిన గుండెకాయ వెలుస్తాయి. మీ ఊళ్లోనూ అలాంటిది పాడుబడి ఉంటే, దాన్ని జనం వచ్చి చూసే చోటుగా మార్చాలనుంటే, మేం చేసిన వరసలో కాదు, చేయాల్సిన వరసలో చెబుతాను.

మొదటి నెల టేపు పట్టుకెళ్లకండి. ఊరికే వెళ్లి కూర్చోండి. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. మా బంకరు కప్పు మీద జాలర్లు వలలు ఆరేసుకునేవారు. సాయంత్రం పిల్లలు దాని గోడ మీద బొగ్గుతో మూడు వికెట్లు గీసి ఆడేవారు. రాత్రి సీసాల బ్యాచి. "పార్కు చేస్తాం తాతా" అని ఒక పెద్దాయనతో అంటే, "చేసుకోండి బాబూ, మరి మా వలలు ఎక్కడ ఆరేసుకోమంటారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అందుకే మా నక్షాలో మొదట గీసింది వలలు ఆరేసే జాగా. దాని తర్వాతే దారి, బెంచీలు.

రెండోది, ఆ చోటు కథేమిటో తేల్చుకోండి. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద పడ్డాయి. మర్నాడు, అంటే 6న, రియూజో అనే విమానవాహక నౌక నుంచి లేచినవి విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది. శత్రువు ఒడ్డున దిగుతాడేమోనన్న భయంతో కట్టినవి ఈ కాంక్రీటు గదులు. చివరికి ఎవరూ దిగలేదు. కాబట్టి ఇది గెలిచిన చోటూ కాదు, ఓడిన చోటూ కాదు. తుపాకీ కన్నంలోంచి సముద్రాన్ని చూస్తూ ఎదురుచూసిన చోటు. ఈ ఒక్క ముక్క తేలాక మిగతావన్నీ వాటంతటవే తేలాయి. ఫైబర్ సైనికుడి బొమ్మ వద్దు. గేటు దగ్గర ఫిరంగి వద్దు. బాంబు చూడాలనుకునేవాళ్లకు, అప్పట్లో పేలకుండా మిగిలినది విశాఖ మ్యూజియంలో ఉంది, అక్కడికి పంపండి.

కాగితాల సంగతి. "పురావస్తు శాఖకు ఒక అర్జీ పడేస్తే అదే రక్షిత కట్టడం అవుతుంది" అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. 1958 నాటి కేంద్ర చట్టం కింద ప్రాచీన కట్టడమంటే కనీసం 100 ఏళ్లది. 1942 నాటి గదికి ఆ వయసు 2042లో గానీ రాదు. అందాకా దానికి దిక్కు స్థానిక సంస్థ తీర్మానమే. తహసీల్దారు ఆఫీసులో ఎఫ్‌ఎంబీ నక్షా (భూమి కొలతల పటం), అడంగల్ (భూమి రికార్డు) తీయించి భూమి పోరంబోకా, రక్షణ శాఖదా, ప్రైవేటుదా చూడండి. ఒడ్డున పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలుంటాయి కనుక కొత్తగా కాంక్రీటు ముట్టుకునే ముందే అనుమతి అడగాలి. తూర్పు నౌకాదళం కేంద్రం ఉన్న ఊరు కాబట్టి మేం డ్రోను జోలికి కూడా పోలేదు.

తవ్వకం. లోపల ఇసుక నడుం లోతు ఉండేది. జేసీబీ రానీయకండి. బంకరు ఇసుక మీద కూర్చున్న పెట్టె. ఒక్క పక్క తోడితే ఆ పక్కకే ఒరుగుతుంది. నలుగురు మనుషులు, నాలుగు పారలు, నాలుగు పక్కలా సమంగా, పునాది అడుగు కంటే పైనే ఆపాలి. తుప్పు పట్టిన గుండ్రటి ఇనుము ఏది కనిపించినా పార మెల్లగా పక్కన పెట్టేసి, అందర్నీ దూరం పంపి, 112కి ఫోన్ చేయండి. మాకు దొరికింది పాత పంపు ముక్క. పోలీసులు నవ్వారు. నవ్వనీండి, మళ్లీ కనిపించినా మళ్లీ చేస్తాను.

ఇక నా సొంత బాధ. పని మొదలైన వారానికి ఒక కాంట్రాక్టరు మా మీద ప్రేమ కొద్దీ ఒక గోడకు ప్లాస్టరింగ్ చేసి ఆకుపచ్చ, ఖాకీ మచ్చలు వేయించాడు. మిలిటరీ లుక్కట. దాన్ని గీకడానికి రెండు నెలలు పట్టింది, గీకుతుంటే పాత చెక్క సెంట్రింగ్ పలకల అచ్చులు కూడా కొంత పోయాయి. ఉప్పుగాలికి లోపలి రాడ్డు తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటు పెచ్చులూడుతుంది. పైన ప్లాస్టరింగ్ చేస్తే రోగం కనపడదు, అంతే. సుత్తితో మెల్లగా కొట్టి డొల్ల మోత ఎక్కడ వస్తోందో సుద్దతో గుర్తుపెట్టండి. స్కూలు ల్యాబులో ఉండే ఫినాఫ్తలీన్‌ను కొత్తగా విరిగిన అంచు మీద చల్లండి. గులాబీ రంగు తేలితే కాంక్రీటులో రాడ్డును తుప్పు నుంచి కాచే క్షారం ఇంకా ఉంది. రంగు రాకపోతే అక్కడ రాడ్డుకు రక్షణ పోయినట్టే. ఉప్పు ఎంత దిగిందో మాత్రం దీనితో తెలియదు, దానికి పొడి తీసి ల్యాబుకు పంపాలి. మరమ్మతుకు బీచ్ ఇసుక, సముద్రం నీరు వాడే మేస్త్రిని ఆ రోజే ఇంటికి పంపేయండి.

పోయిన గోడలు మళ్లీ కట్టకండి. నాగాలాండ్‌లోని కోహిమా యుద్ధ శ్మశానంలో 1944లో పోరు జరిగిన టెన్నిస్ కోర్టు ఇప్పుడు లేదు, నేల మీద తెల్ల కాంక్రీటు గీతలే ఉన్నాయి. మేమూ అదే చేశాం: కూలిన మెట్లు ఉన్న మేర రాతిపలకలు పరిచాం. లోపల లైట్లు పెట్టలేదు. కన్నం ముందు పిల్లలు నిలబడేందుకు ఒక మెట్టు, గోడకు దూరంగా ఒక బోర్డు, దాని మీద తెలుగు పైన, ఇంగ్లీషు కింద, మొత్తం ఎనిమిది లైన్లు. టికెట్టు లేదు.

వారానికొకసారి ఇసుక ఎత్తాలి. తుఫాను వచ్చిన మర్నాడు తప్పకుండా. మా దగ్గర ఆ పని ఆ తాత మనవడు చేస్తున్నాడు, నెల జీతానికి. వలలు ఇప్పుడు పక్కనున్న కర్రల మీద ఆరేస్తున్నారు. కప్పు మీద ఇంతకంటే తొందరగా ఆరేవని తాత ఇప్పటికీ సణుగుతాడు.