చిన్న పాప్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్తున్నారా? చూడటం, అడగటం, కొని ఇంటికి తెచ్చుకోవడం

నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో చిన్న గ్యాలరీ అంటే మామూలుగా ఓ మేడ మీద రెండు గదులు, లేదంటే పాత ఇంటి ముందు హాలు. గోడల మీద ఇరవై ముప్పై బొమ్మలు, మూలన ఒక టేబులు, దాని వెనక ఒక మనిషి. చాలామంది గుమ్మం దాకా వచ్చి, ‘ఇవన్నీ మనకేం తెలుసులే’ అని వెనక్కి తిరుగుతారు. తిరగక్కర్లేదు. ఇలాంటి చోట్ల సాధారణంగా టికెట్ ఉండదు. గంటసేపు చూసి ఏమీ కొనకుండా వచ్చేసినా ఎవరూ ఏమీ అనుకోరు. పైగా పాప్ ఆర్ట్ అంటే రోజూ చూసే ప్రకటనలు, పోస్టర్లు, సరుకుల బొమ్మలనే కళగా మలచడం. దానికి కావలసిన చూపు మనవాళ్లకు ముందే ఉంది. సినిమా వాల్‌పోస్టరు, అగ్గిపెట్టె మీది బొమ్మ, లారీ వెనక రాత, కిరాణా కొట్టు అరలో పేర్చిన సబ్బులు, ఈ కళకు ముడిసరుకు ఇదే. ‘ఏంది సామీ, మా సందులో గోడ మీద ఉండేదేగా ఇది’ అని ఎవరైనా అంటే, వాళ్లు సగం దారి వచ్చేసినట్టే.

ముందు ఫోన్ చేయండి. చిన్న గ్యాలరీ నడిపేది ఒకరో ఇద్దరో. మధ్యాహ్నం భోజనానికి తాళం పడుతుంది, కొన్నిచోట్ల సోమవారం సెలవు. మే నెలలో అయితే పదింటికల్లా వెళ్లండి, లేదా ఐదు దాటాక. వడగాడ్పులో నడిచొచ్చి చెమటలు కారుతుంటే ఏ బొమ్మా కంటికి ఆనదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసురు. తడి గొడుగు, తడి సంచి బయటే పెట్టేయండి. వీపు మీద బ్యాగు ఉంటే ముందుకు తగిలించుకోండి. ఇరుకు గదిలో బొమ్మలకు దెబ్బ తగిలేది చేతుల వల్ల కాదు, వెనక్కి తిరిగినప్పుడు ఊగే బ్యాగుల వల్ల. చెప్పులు విప్పాలా అని ఒక మాట అడగండి, కొన్నిచోట్ల విప్పమంటారు.

లోపలికి వెళ్లగానే మొదటి బొమ్మ దగ్గర ఆగిపోకండి. గది మొత్తం ఒకసారి చుట్టి రండి, ఐదు నిమిషాలు చాలు. ఏ రెండు మూడు బొమ్మలు మళ్లీ లాగుతున్నాయో చూసుకుని వాటి దగ్గరికే తిరిగి వెళ్లండి. ముప్పై బొమ్మలకూ తలా అర నిమిషం పంచితే ఇంటికెళ్లేసరికి ఒక్కటీ గుర్తుండదు.

ఒక్కో బొమ్మను మూడు చోట్ల నుంచి చూడాలి. మొదట పది అడుగుల దూరం నుంచి. రోడ్డు మీద హోర్డింగు ఎలా పట్టి ఆపుతుందో ఈ బొమ్మా అలాగే ఆపుతుందా అన్నది అక్కడ తేలుతుంది. తర్వాత రెండడుగుల దగ్గరికి. మూడోది చాలామంది వదిలేసేది: పక్కకు జరిగి, గోడకు దాదాపు ఆనుకుని, వెలుతురు బొమ్మ మీద ఏటవాలుగా పడేలా చూడటం. రంగు కాగితంలోకి ఇంకిందా, పైన పొరగా నిలబడిందా అన్నది ఆ కోణంలోనే కనిపిస్తుంది.

ఆ పొర సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పాప్ ఆర్ట్‌లో సగం కథ అచ్చు వేసే పద్ధతిలోనే ఉంది. స్క్రీన్ ప్రింటింగ్ మనకు కొత్తది కాదు. శుభలేఖలూ గుడ్డ సంచులూ అలా అచ్చేసినవి ఎన్నో చూసుంటారు. చెక్క ఫ్రేముకు బిగించిన సన్నని జాలీ గుడ్డ, దాని మీద రంగు దిగకూడని చోట మూసేసిన పూత, పై నుంచి రంగు పోసి రబ్బరు పట్టీతో ఒక్క లాగు. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీను. ఐదు రంగుల బొమ్మ అంటే ప్రతి కాగితం ఐదుసార్లు ఆ స్క్రీన్ల కింద పడుకుని లేచిందన్నమాట, మధ్యలో ప్రతిసారీ ఆరబెట్టి. రెండు రంగులు కలిసే అంచు దగ్గర కళ్లు పెట్టండి. సన్నటి తెల్ల గీత గానీ, ఒక రంగు మరో రంగు మీదికి వెంట్రుక వాసి ఎక్కడం గానీ కనిపిస్తే, అది రెండోసారి కాగితం పెట్టినప్పుడు కాస్త జరిగిందని. ప్రెస్సువాళ్లు దీన్నే ‘రిజిస్టర్ తప్పింది’ అంటారు. శుభలేఖలో అయితే తప్పు. ఇక్కడ మాత్రం చాలామంది చిత్రకారులు కావాలనే ఉంచుతారు, పెదవుల ఎరుపు పెదవులు దాటి బయటికొస్తే ముఖం పోస్టరులా కనిపిస్తుంది కనుక.

ఇప్పుడు ఫోన్ కెమెరా జూమ్ చేయండి, ఫ్లాష్ ఆపి, అనుమతి అడిగి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా గుమిగూడి కనిపిస్తే అది ఆఫ్‌సెట్ అచ్చు, అంటే పోస్టరు. వరస లేకుండా పిచికారీ కొట్టినట్టుంటే ఇంక్‌జెట్, అంటే కంప్యూటరు ప్రింటరుతో తీసింది. చుక్కల్లేకుండా ఒకే మందం రంగు, అంచు కోసినట్టు ఉంటే చాలావరకు స్క్రీన్ ప్రింట్. జాగ్రత్త, కంటికే కనిపించే పెద్ద చుక్కలు వేరే సంగతి. అమెరికా పాప్ చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ కామిక్కుల అచ్చుచుక్కలను ఎన్నో రెట్లు పెంచి, బెజ్జాల రేకు ఆనించి కాన్వాసు మీద వేశారు. అక్కడ చుక్కే బొమ్మ.

గోడ మీద ఒకే వస్తువు ఇరవై సార్లు కనిపించి ‘ఇదేం కళ’ అనిపిస్తే, 1962లో లాస్ ఏంజిలిస్‌లోని ఫెరస్ గ్యాలరీకి వెళ్లినవాళ్లలోనూ చాలామందికి అలాగే అనిపించింది. అమెరికా పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ అక్కడ పెట్టినవి క్యాంప్‌బెల్ సూపు డబ్బాల బొమ్మలు 32, రుచికొకటి. ఒక్కోటి 20 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు. వాటిని గోడ పొడవునా సన్నటి అర కొట్టి, కొట్లో సరుకులా వరసగా నిలబెట్టారు. అన్నీ అచ్చేసినవే అనుకుంటాం గానీ చాలావరకు చేత్తో వేసినవే. ఫోటోలతో స్క్రీన్ ప్రింటింగ్ ఆయన మొదలుపెట్టింది ఆ తర్వాత. మన దేశం సంగతికొస్తే, బరోడాలో అకౌంటెంటు ఉద్యోగం చేసుకుంటూ బొమ్మలు వేసిన భూపేన్ ఖఖ్ఖర్ 1960లలో దేవుళ్ల క్యాలెండరు బొమ్మలు కత్తిరించి తన పటాల్లో అతికించారు. 1972లో ఒక వాచీ రిపేరు కొట్టును బొమ్మకెక్కించారు. కాబట్టి మీ ముందున్న పటంలో సోడా బుడ్డో ఆర్టీసీ టికెట్టో ఉంటే, అది ఏ సరుకు, ఎన్నిసార్లు వేశారు, ఏ రంగు మార్చారు అని చూడండి. ‘దీని భావమేమి’ అన్న ప్రశ్నకన్నా వీటితోనే ఎక్కువ దూరం పోతారు.

టేబులు దగ్గర ఉన్నవాళ్లను అడగడానికి మొహమాటం వద్దు. ‘అన్నా, ఇది చేత్తో లాగిందా, మిషనుదా?’ ‘ఎన్ని రంగులమ్మా ఇది?’ ఇలా మొదలుపెడితే సొరుగులోంచి ఇంకో నాలుగు ప్రింట్లు వాళ్లే తీసి చూపిస్తారు. ధరల జాబితా గోడ మీద లేకపోతే టేబులు మీద ఉంటుంది, అడిగితే ఇస్తారు. బొమ్మ పక్కన ఎర్ర చుక్క స్టిక్కరుంటే అమ్ముడుపోయిందని గుర్తు.

కొనాలనిపిస్తే కింది అంచు చదవండి. ఎడమ మూల పెన్సిలుతో 7/30 అని ఉంటే, వేసినవి ముప్పై, ఇది ఏడో నంబరుది. కుడి మూల సంతకం. ఏ.పి. అని ఉంటే చిత్రకారుడు తనకోసం ఉంచుకున్న ప్రతి. నంబరు చిన్నదైతే విలువ ఎక్కువని ఒక నమ్మకం ఉంది, దానికి ఆధారం లేదు. చూడాల్సింది గీత తర్వాత ఉన్న అంకె. మొత్తం ముప్పై అయితే ఒక లెక్క, మూడువందలైతే ఇంకో లెక్క. సంతకం పెన్సిలుతో కాకుండా బొమ్మతోపాటే అచ్చయి ఉంటే అది పోస్టరు కిందే జమ. పోస్టరు కొనడం తప్పు కాదు, పోస్టరు ధరకు కొన్నంతవరకు. బిల్లులో చిత్రకారుడి పేరు, బొమ్మ పేరు, వేసిన ఏడాది, పద్ధతి, కాగితం కొలత, నంబరు అన్నీ రాయించుకోండి. ధరలో జీఎస్టీ, ఫ్రేము కలిశాయా లేదా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోండి.

ఇక తెచ్చుకోవడం. ఎక్కువ బొమ్మలు పాడయ్యేది ఇక్కడే. చిన్న ప్రింటయితే రెండు గట్టి అట్టల మధ్య బల్లపరుపుగా పెట్టించండి, అట్ట నాలుగు వైపులా రెండంగుళాలు ఎక్కువ ఉండాలి. పెద్దదైతే చుట్టక తప్పదు. గొట్టం నాలుగంగుళాల కంటే సన్నం వద్దు. మందపు రంగును బిగించి చుడితే మడత దగ్గర పగులుతుంది. న్యూస్‌పేపరు నేరుగా ఆనించొద్దు, సిరా అంటుకుంటుంది. చెన్నై నుంచి నెల్లూరుకు తెస్తుంటే సుమారు మూడు గంటల పైమాటే ప్రయాణం. బస్సు డిక్కీలో వేయకండి, ఎండ కొట్టే కిటికీ వైపు పెట్టకండి. బండి మీద అట్టకట్ట అడ్డంగా పట్టుకుని హైవే ఎక్కడం అసలే వద్దు, గాలికి మధ్యకు విరుగుతుంది.

ఫ్రేము షాపులో మొదట అడిగేది ‘లామినేషన్ చేసేద్దామా?’ అని. వద్దనండి. వేడిపెట్టి అతికించాక ఆ కాగితం మళ్లీ ఊడిరాదు, ప్రింటు అక్కడితో అయిపోయినట్టే. చెప్పాల్సినవి మూడే: యాసిడ్ లేని మౌంటు అట్ట పెట్టమని, ఫెవికాల్, సెలోటేపు తగలకుండా పై అంచున మాత్రమే కాగితపు పట్టీలతో వేలాడదీయమని, బొమ్మ మీది రంగుకు గాజు ఆనకుండా చూడమని. గాజు ఆనితే సముద్రపు గాలి చెమ్మకు రంగు దానికి కరుచుకుంటుంది, తర్వాత విడదీస్తే పొర ఊడొస్తుంది.

బాత్‌రూమ్ గోడ, వాన కొట్టే బయటి గోడ, పడమటి ఎండ పడే గోడ, ఈ మూడూ వదిలేయండి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి ఐదడుగుల ఎత్తున ఉండాలి. మనవాళ్లు దేవుడి పటాల అలవాటుతో తలుపు కమ్మీ పైన కొడతారు, అక్కడ అంచుల పనితనం ఎవరికీ కనిపించదు. ఫ్రేము వెనక కింది రెండు మూలల్లో బెండు ముక్కలు అతికిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. గాజు తుడిచేటప్పుడు తుడిచే మందును గుడ్డ మీద కొట్టుకోవాలి, గాజు మీద కొడితే కిందికి కారి ఫ్రేములోకి దిగుతుంది. సంక్రాంతికి ఎలాగూ బూజు దులుపుతారు కదా, అప్పుడు పటం దించి వెనక చూడండి. ముసురు వెళ్లిన తర్వాత అట్ట ఉబ్బినా, ముక్కిన వాసన వచ్చినా, కాగితం మీద గోధుమరంగు చుక్కలు మొదలైనా, ఆ గోడకు మళ్లీ తగిలించకుండా వెంటనే ఫ్రేము విప్పించండి.